నవ్వుల నడుమ ఒక హత్య

నవల అనగానే పెద్దలలో కొందరు పెదవి విరుస్తారు. ఆడవారు మెచ్చే నవల వట్టి కాలక్షేపమనీ, అపరాధ పరిశోధక నవల చెడు సావాసమనీ వారి అభిప్రాయము. ఈ రెండింటినీ ఒకే అట్టల నడుమ కూర్చిన రచనను గూర్చి నాలుగు మాటలు విన్నవించుట మా ఉద్దేశము.

మా నాయుడుపేటలో నవలలు అద్దెకిచ్చే దుకాణమొకటి ఉండేది. మా అమ్మ యద్దనపూడి సులోచనారాణి నవలలు తెప్పించుకొనేది. నాన్న కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కోసం వెళ్లేవారు. ఒక గోడకు ప్రేమ, ఉద్యోగం, ఆత్మాభిమానం. ఎదుటి గోడకు శవం, ఆధారం, అనుమానం.

మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల 'చంటబ్బాయ్' ఆ రెండు గోడలనూ కలిపినది. 1986లో జంధ్యాల దర్శకత్వమున అది చలనచిత్రమైనది. అందులో చిరంజీవి ధరించిన డిటెక్టివ్ పాండురంగారావు కడుపుబ్బ నవ్విస్తాడు. సుహాసిని ధరించిన జ్వాల తన కాళ్లపై తాను నిలిచిన ఉద్యోగిని. ఆమెపై హత్యానేరం పడుతుంది. రహస్యం విప్పి చెప్పుట చదువబోయే వారికి ద్రోహము గనుక ఇంతటితో ఆపుచున్నాము.

ఉర్దూ మిత్రులకు ఈ మేళవింపు కొత్త కాదు. ఇబ్నె సఫీ 1952లో అలహాబాదు నుండి 'జాసూసీ దునియా' నవలలు ఆరంభించి, 1955లో ఇమ్రాన్‌ను సృష్టించెను. ఇమ్రాన్ వెర్రి చేష్టలకు నవ్వుతూనే పాఠకుడు హంతకుని జాడ వెదకేవాడు. ఆంగ్లమున అగాథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్ అనే వృద్ధురాలిని నవలలో ప్రవేశపెట్టినది. ఆమెకు ఊరివారి ముచ్చట్లే ఆధారాలు.

ఊరి ముచ్చట్లు మనుషులను రక్షించుట మాత్రం మేము చూడలేదు. మా వీధిలో ఒక అక్క ఒక దుకాణంలో లెక్కలు వ్రాసేది. ఒకనాడు గల్లాపెట్టెలో సొమ్ము తగ్గినది. అనుమానం ముందుగా ఆమె మీదకే పోయినది. వారం తిరగకుండానే పొరపాటు కూడికలో ఉన్నదని తేలినది. నింద వీధి చివర వరకు నడిచి వెళ్లినది గాని, నిజం దుకాణం గడప దాటలేదు. అక్క మరల పనికి పోలేదు. మా వద్ద తీసుకున్న 'చంటబ్బాయ్' తిరిగి ఇస్తూ, "ఈ పిల్లకి చివరి పేజీ అన్నా ఉండాది గదమ్మీ" అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు.

అనుమానం రుజువు కాదని న్యాయశాస్త్రం చెప్పును. ఆ మాట న్యాయశాస్త్రం చదవని ఇంటికి చేరవలెనంటే నవ్వించే నవలయే తగిన వాహనము. హాస్యం కోసం తెరిచిన పుస్తకంలో నిర్దోషి అయిన స్త్రీ వేదన ఎదురైనప్పుడు, మనమూ ఎవరిని తొందరపడి అనుమానించితిమో జ్ఞప్తికి వచ్చును.

కావున కళాశాల సంఘమువారు ఇట్టి నవలలకు గ్రంథాలయమున ఒక అర కేటాయింపవలెనని మనవి. తెలుగూ ఉర్దూ పక్కపక్కనే ఉండనిండు. విద్యార్థులు నవ్వుతూ చదువుదురు గాక. చివరి పేజీ వరకు తీర్పు చెప్పకుండుట మాత్రం అక్కడే అలవరచుకొందురు.