నాయన మైకుసెట్టు, నా గిటారు

ఇంట్లో ఉండే పాత వస్తువుల గురించి తలా ఒకటి రాయండని పెద్దమ్మ చెప్పి ఆరు నెలలయింది. ఇత్తడి బిందెలు, తాత చేతికర్ర, అవ్వ తిరగలి అన్నీ అయిపోయినాయి. నాకు మిగిలింది నాయన మైకుసెట్టు. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు కన్నడ అక్షరాల మీదుగా నేర్చుకున్నవాణ్ణి. తలకట్టు ఎక్కడన్నా తప్పితే సర్దుకొని చదవండి.

మైకుసెట్టు కథ చెప్పాలంటే ముందు క్వీన్ అనే ఇంగ్లీషు బ్యాండు గురించి చెప్పాల. బెంగళూరులో ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టల్లో పక్కమంచం అబ్బాయి వాళ్ళ 'బొహీమియన్ రాప్సొడీ' వినిపించినాడు. 1975 నాటి పాట. మాటలు సగం కూడా అర్థం కాలేదు. మధ్యలో గిటారు లేచినప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. తీగ మోగినట్టు లేదు, మనిషి గొంతెత్తి పాడినట్టుంది. ఉద్యోగం వచ్చినాక గిటారు నేర్చుకున్నా. పోయినేడు బోనసు వచ్చినప్పుడు ఆ శబ్దం నా చేతిలో ఎట్లన్నా రావాలని పట్టుబట్టినా.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఎక్కడో వచ్చిన తప్పును మన మిషన్‌లో మళ్ళీ రప్పించడమే మా పనిలో సగం. దానికి పద్ధతి ఒకటుంది. ఏమేం ఉన్నాయో వరసగా రాసుకోవాల, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాల. శబ్దానికీ అట్లే చేసినా.

మొదటిది గిటారు. బ్రయాన్ మే వాయించేది అంగట్లో కొన్నది కాదు. 1963లో వాళ్ళ నాన్న హెరాల్డ్, ఆయనా కలిసి ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టినారు. మెడ కొయ్య ఎవరింట్లోనో తీసేసిన పాత పొయ్యిగూటి చట్రానిది. లోపలి స్ప్రింగులు మోటార్‌సైకిల్ ఇంజనువి. మెట్ల మీద ముత్యపు చుక్కలు గుండీల నుంచి తీసినవి. దాంట్లో పికప్పులు మూడు. మామూలు గిటార్లలో రెండు కలిపితే పక్కపక్కన కలుస్తాయి. దీంట్లో ఒకదాని వెనక ఒకటి, సీరీసులో కలుస్తాయి. అందుకే శబ్దం లావుగా వస్తుంది. ఒక్కోదానికి తిప్పి కలిపే స్విచ్చి వేరే ఉంది. రెండు ఎదురెదురుగా పడితే కింది స్వరాలు కొట్టుకుపోయి ముక్కుతో పాడినట్టు సన్నగా మోగుతుంది.

రెండోది ట్రెబుల్ బూస్టరు. చిన్న డబ్బా, లోపల ఒక్క జర్మేనియం ట్రాన్సిస్టరు. కింది స్వరాలను ఆపి పైవాటిని పెంచి పంపుతుంది. మూడోది వాక్స్ ఏసీ30 అనే వాల్వు ఆంప్లిఫయరు. దాని వాల్యూము నిండా తెరిచిపెట్టి, ఎంత గరుకు కావాలో గిటారు మీది బిరడాతోనే తగ్గించి పెంచుకుంటాడు. నాలుగోది చేతిలో పట్టుకునేది. ప్లాస్టిక్ పిక్కు కాదు, సిక్స్‌పెన్స్ నాణెం. దాని అంచు గాట్లు తీగను గీకుతాయి.

ఆంప్లిఫయరు ధర చూస్తే కళ్ళు తిరిగినాయి. కొన్నా మా అపార్ట్‌మెంటులో ఎట్ల పెట్టేది? ముప్పై వాట్ల వాల్వు ఆంప్లిఫయరు నిండా తెరిస్తే మూడో అంతస్తు వాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు. సెకండ్ హ్యాండ్ గిటారు ఒకటి కొన్నా, బూస్టరు సామాన్లు ఎస్పీ రోడ్డులో తెచ్చినా. అన్నీ మూట గట్టుకొని దసరా సెలవులకు ముళబాగిలు దగ్గర మన ఊరికి పోయినా.

నాయన సంగతి మీకందరికీ తెలుసు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు, జాతరలకు, తెల్లవార్లూ ఆడే కురుక్షేత్రం నాటకాలకు ఆయనదే మైకు. ముప్పై ఏళ్ళు హారను పక్కన కూర్చున్నాడు. దాని ఫలితం ఇప్పుడు తేలింది. చెవులు పోతా ఉన్నాయి. పూర్తిగా కాదు, పెద్ద శబ్దాలు వినిపిస్తాయి, మాటలు విడివిడిగా తెలీవు. ఆడవాళ్ళ మాట, పిల్లల మాట అసలు అందదు. మిషను పెట్టుకో నాయనా అంటే, "నాకేం చెవుడా?" అని లేచి పోయేవాడు. నలుగురిలో కూర్చునేది మానేసినాడు. మైకుసెట్టు గుజిరీకి వేసేద్దామని అన్న అంటే కూడా ఊరకున్నాడు.

నేను వసారాలో కూర్చుని బూస్టరు అతికిస్తా ఉంటే వచ్చి నిలబడినాడు.

"ఏమిరా అది?"

చెప్పినా. వినబడిందో లేదో. రెండు పెడళ్ళకూ ఒకే అడాప్టరు తగిలించినా. బూస్టరు పలకలేదు. మూడుసార్లు విప్పి చూసినా, తప్పు దొరకలేదు. నాయన కళ్ళద్దాలు పైకి తోసి ట్రాన్సిస్టరు మీది నెంబరు చదివినాడు.

"ఇది పీఎన్‌పీ రా. దీనికి ప్లస్సు భూమికి పోవాల. నీ రెండో డబ్బాకు మైనస్సు భూమి. రెంటికీ ఒకే కరెంటు ఇస్తే ఎట్ల?"

వేరే బ్యాటరీ పెట్టినా. పలికింది. పదేళ్ళ టెస్టింగు అనుభవం నాది. తప్పు పట్టుకుంది ఏడో తరగతితో ఆపేసిన మనిషి.

ఆంప్లిఫయరు లేదు కదా అంటే, "దాంట్లో ఏం వాల్వులు?" అన్నాడు. ఈఎల్84లు నాలుగని కాగితం మీద రాసి చూపిచ్చినా. "రేడియో వాల్వులు కదరా అవి! మన సెట్టులో ఈఎల్34లు రెండుండాయి. అన్నదమ్ములే, గొంతు వేరే" అని అటక మీదున్న సెట్టు దించమన్నాడు.

రెండు రోజులు దాని మీదే కూర్చున్నాడు. ఎండిపోయిన కెపాసిటర్లు నాలుగు మార్చినాడు. నేను చెయ్యి పెట్టబోతే కొట్టినంత పని చేసినాడు. "ప్లగ్గు పీకినా సావు లోపలే ఉంటుంది రా" అని, ముందు కెపాసిటర్ల కరెంటు దించి చూపిచ్చినాడు. నేరుగా కరెంటు ఇవ్వలేదు. వంద వాట్ల బల్బు సీరీసులో పెట్టి ఇచ్చినాడు. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు కాలదు. బల్బు ఒకసారి వెలిగి మసకబారింది. వాల్వులు ఎర్రబడినాయి. వసారా అంతా కాలిన దుమ్ము వాసన.

సిక్స్‌పెన్స్ ఎక్కడ తెచ్చేది? అమ్మ పోపుల డబ్బా పక్కనుండే చిల్లర డబ్బాలో పాత పావలాలు దొరికినాయి. 2011లోనే చెల్లకుండా పోయినవి. అంచుకు గాట్లున్నాయి, చేతికి సరిగ్గా కుదిరింది.

హారను వద్దని పాత పెట్టె స్పీకరు తగిలించినాం. పావలాతో తీగ మీటినా. క్వీన్ శబ్దం వచ్చిందని అబద్ధం చెప్పను. గొంతు వేరే, నాయన చెప్పినట్టే. కానీ ఒక స్వరాన్ని పట్టుకొని సాగదీసినప్పుడు, అది ఆగకుండా పాడింది. హాస్టలు మంచం మీద విన్నది ఆ ముక్కే.

నాయన స్పీకరు పెట్టె మీద అరచెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. బూస్టరు ఆపితే, "ఇప్పుడు గుడుగుడుమంటాంది" అన్నాడు. వేస్తే తల ఎత్తినాడు. "ఇప్పుడు తెలస్తాంది. ఒక్కో తీగా తెలస్తాంది."

నేను ఆపినా, వేసినా. ఒకసారికి ఒక్కటే మార్పు. నాలుగుసార్లూ అదే మాట. అప్పుడు కాగితం మీద పెద్దక్షరాలతో కన్నడంలో రాసి ఇచ్చినా. ఆయన చదివిందీ కన్నడమే. 'చెవి మిషను కూడా ట్రెబుల్ బూస్టరే నాయనా. నీకు పోయిన పైస్వరాలనే పెంచుతుంది.'

చాలాసేపు కాగితం వైపే చూసినాడు. "దాంట్లోనూ బ్యాటరీయేనా?" అన్నాడు. ఇంకేం అనలేదు.

దీపావళి ముందు కోలారుకు తీసుకుపోయి పరీక్ష చేయించినాం. మిషను వచ్చింది. రోజంతా పెట్టుకోడు, గిన్నెల చప్పుడు తలనొప్పి అంటాడు. మనవరాలు ఫోను చేసినప్పుడు మాత్రం తీసి పెట్టుకుంటాడు. కిందటి ఆదివారం ఆ పాప ఏదో పద్యం చెప్తే, మధ్యలో ఒక అక్షరం మింగేసిందని తప్పు పట్టినాడంట.

సెట్టు మళ్ళీ అటక మీదికి పోలేదు, వసారాలోనే ఉంది. అన్నా, గుజిరీ మాట ఇంక ఎత్తద్దు. పాత ఈఎల్84లు ఎవరి ఇంట్లోనన్నా పడి ఉంటే పారేయకుండా చెప్పండి, నాయన అడుగుతా ఉన్నాడు.