పిండి ఆట, తడిగుడ్డ

పిల్లల పెంపకం పుస్తకాల్లో ఇప్పుడు ‘సెన్సరీ ప్లే’ అన్న మాట తరచు కనిపిస్తోంది. ఇంద్రియాలతో ఆట అందాం. పిండి పిసకటం, నీళ్ళు ఒంపటం, ఇసుక జల్లించటం. మన పల్లెల్లో పిల్లలకి ఎవరూ పేరు పెట్టకుండానే దొరికినవి, ఫ్లాట్లలో పెరిగే పిల్లలకి తల్లులు పూనుకుని ఏర్పాటు చెయ్యాల్సి వస్తోంది. తల్లులే, గమనించండి.

ఇందుకు కేకంత అనువైన వంట ఇంకోటి లేదు. మా ఇంట్లో అవెన్ లేదు. చాలా మధ్యతరగతి ఇళ్ళలోలాగే ప్రెషర్ కుక్కరే అవెన్. అడుగున ఉప్పు పోసి, మూతకున్న గ్యాస్కెట్, వెయిట్ తీసేసి, లోపల స్టాండు మీద గిన్నె పెడతాం. సెలవులకి వచ్చిన మా అక్క కూతురికి ఏడేళ్ళు, మావాడికి నాలుగు. ఇద్దరికీ చెరో జల్లెడ ఇచ్చాను. మైదా ముగ్గులా రాలుతుంటే ఇద్దరూ మాటలు మానేశారు. అది కళ్ళు మూసుకుని పంచదారనీ మైదానీ వేళ్ళ మధ్య నలిపి, “పిన్నీ, ఇది గరగర, ఇది జారిపోతోంది” అంది. పెరుగులో వంటసోడా వెయ్యగానే బుసబుసా పొంగింది. పెరుగు పులుపూ సోడా కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, కేకుని గుల్లగా చేసేది ఆ గాలే. మావాడు గిన్నెకి చెవి ఆనించి విన్నాడు. నేనూ విన్నాను. ఇన్నేళ్ళ వంటలో ఆ చప్పుడు వినే తీరిక నాకెప్పుడూ లేదు. (పచ్చిపిండి నాకటం మాత్రం వద్దన్నాను. వండని మైదాలోనూ రోగకారక క్రిములు ఉండొచ్చు.)

మా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూశారు. దాన్ని చూసి, “అప్పుడే పని నేర్చుకుంటోంది, అత్తారింట్లో ఇబ్బంది పడదు” అన్నారు. వాణ్ణి చూసి, “వెధవ, పిండంతా పాడుచేస్తున్నాడు” అని మురిసిపోయారు. డబ్బాలో పిండి ఒకటే, జల్లెళ్ళు ఒకే కొట్లో కొన్నవి. నాలుగేళ్ళకే ఒకరిది ఆటైంది, ఏడేళ్ళకే ఇంకొకరిది తర్ఫీదైంది.

ఆట ముప్పావు గంట. తర్వాత సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు. గట్టు మీద, నేల మీద, డబ్బాల మూతల మీద పిండి. తడి తగిలిన మైదా ఆరితే జిగురులా పట్టేస్తుంది. ఫొటోల్లో పిండి పూసుకున్న బుగ్గలుంటాయి, గుడ్డ పట్టుకున్న చెయ్యి ఉండదు. 2024లో జరిగిన కేంద్రప్రభుత్వ టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. విమల ‘వంటిల్లు’ కవిత చదువుకుని పెరిగినవాళ్ళం. చదువుల్తో ఆ గదిలోంచి కాస్త బయటపడ్డామనుకుంటే, పిల్లల మెదడు ఎదుగుదల పేరుతో మళ్ళీ లోపలికి పిలుపొచ్చింది!

తమాషా ఏమిటంటే, ఇంద్రియాల చదువు గురించి గట్టిగా చెప్పిన మరియా మాంటిస్సోరి తుడవటాన్ని వదిలెయ్యలేదు. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె బడి మొదలుపెట్టింది. పనులకి వెళ్ళే తల్లిదండ్రుల పిల్లలు వాళ్ళు. ఆ బళ్ళలో ఇంద్రియ శిక్షణ పరికరాలతోపాటు బల్ల కడగటం, దుమ్ము దులపటం కూడా ఆడామగా పిల్లలందరికీ పాఠాలే. 1939లో ఆమె మద్రాసు అడయారుకి వచ్చి మన టీచర్లకి కూడా శిక్షణ ఇచ్చింది. ఒలకబోసుకోవటం వరకే మనం తెచ్చుకున్నాం.

మళ్ళీ కేకు చేసినప్పుడు మావాడి చేతికి తడిగుడ్డ ఇచ్చాను. గుడ్డ పిండటం వాడికి మైదాకన్నా నచ్చింది. పిండినకొద్దీ నీళ్ళొస్తున్నాయి మరి! అక్క కూతురికి గుడ్డ ఇవ్వలేదు, కావాలనే. అది బొమ్మల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. “మగపిల్లాడి చేత నేల తుడిపిస్తావా?” అన్నారు అత్తయ్య. ఆ పూట ఆవిడ కేకు ముట్టలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమె అప్పుడే వచ్చింది. వాడి తుడుపు చూసి నవ్వి, “మా బిడ్డ ఎనిమిదేండ్లకే జొన్నరొట్టె చేస్తదమ్మా. నేను పోయేసరికి పొయ్యికాడ ఉంటది” అంది. గర్వంగానే అంది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. వేడినీళ్ళతో కలిపి, అంచు పగలకుండా అరచేత్తో కొట్టి పల్చన చెయ్యాలి. ఆ పిల్ల చేతికి ఎంత తడి, ఎంత వేడి, ఎంత దెబ్బ తెలిసుండాలి! దాన్ని సెన్సరీ ప్లే అని ఎవరూ అనరు. వాళ్ళమ్మ మా అంట్లు తోమే వేళకి అది అక్కడ పెనం ముందు ఉంటుంది. ఈ రెండూ ఒకే గంటలో జరుగుతాయి.

ఆదివారం పాపని మా ఇంటికి పంపమన్నాను, పిల్లలతో కలిసి కేకు చేసుకుంటుందని.

“పనికా అమ్మా?” అని అడిగింది.

ఆడుకోవటానికే అన్నాను. సరే అంది కానీ, నమ్మినట్టు లేదు. రెండు ఆదివారాలు గడిచాయి. పాప ఇంకా రాలేదు.