దిష్టీ కాదు, పిల్లాడూ కాదు

మొన్న వాన వెలిసిన పొద్దున లేచి చూస్తే, ఇంటిముందు పెట్టిన నా బండి ఎడమవైపుకి పడి ఉంది. క్లచ్ లివరు వంగింది. ఎడమ అద్దం పగిలింది. ఇండికేటరు వైరుకి వేలాడుతోంది. పెట్రోలు వాసన.

మా అమ్మ వెంటనే తేల్చేసింది. "నెల కిందటే కొత్త రంగు వేయించావు, దిష్టి తగిలింది. నిమ్మకాయా మిరపకాయలూ కట్టరా అంటే వింటేగా!"

నేను అలవాటుగా నవ్వేశాను. ఆ వెంటనే ఎదురింటి పిల్లాణ్ణి పిలిచాను. పన్నెండేళ్ళుంటాయి. రోజూ సాయంత్రం నా బండి పక్కనే క్రికెట్ ఆడతాడు.

"నువ్వేనా పడేసింది?"

"నేను కాదంకుల్."

"మరి దానంతటదే పడిందా?"

వాళ్ళమ్మ బయటికొచ్చి నా ముందే వాడి వీపు మీద రెండు వేసింది. నేను ఆపలేదు.

తర్వాత పెట్రోలు కాక్ కట్టేసి బండి లేపాను. పాత కార్బ్యురేటరు బండి. పడుకోబెడితే పెట్రోలు ఒలుకుతుంది. అందుకని వెంటనే స్టార్ట్ చెయ్యకుండా, ఒలికింది ఆరేదాకా ఆగాను. (ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న చాలా బళ్ళలో, బండి పడగానే ఇంజను ఆపేసే సెన్సారు ఉంటుంది. తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తేగాని స్టార్ట్ కావు.) హ్యాండిలు తిప్పి చూశాను, బ్రేకులు చూశాను. బాగానే ఉన్నాయి. లివరు అల్యూమినియంది. సుత్తితో సాగగొడితే బీటలిచ్చి, ఎక్కడో ట్రాఫిక్‌లో విరుగుతుంది. మార్చడమే మంచిది.

అప్పుడు కనబడింది, సైడ్ స్టాండు ఉన్నచోట బొటనవేలంత లోతు గుంట. స్టాండు పాదం చాలా చిన్నది. బండి బరువులో కొంత భాగం ఆ కాస్త చోటు మీదే పడుతుంది. వాన నీటికి మట్టి మెత్తబడితే స్టాండు దిగుతుంది, దిగినకొద్దీ బండి ఒరుగుతుంది, ఒరిగినకొద్దీ స్టాండు మీద బరువు ఇంకా పెరుగుతుంది.

ఊహ ఒక్కటే చాలదు కదా. తడి ఆరకముందే పక్కన అలాంటి మట్టిలోనే బండి నిలబెట్టి, పడకుండా చెయ్యి ఆనించి చూశాను. కాసేపటికి స్టాండు దిగడం మొదలైంది. కింద ఒక పలకరాయి పెట్టి చూశాను. కదల్లేదు.

ఇంకో సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రాత్రి పది గంటలకి గేటు వేస్తూ నేనే చూశాను, బండి నిలబడే ఉంది. అంటే సాయంత్రం ఆడిన పిల్లాడికి సంబంధమే లేదు. ఆ సాక్ష్యం పొద్దున కూడా నా దగ్గరే ఉంది. అడుక్కోలేదు, అంతే. మా అమ్మ ఎవరి కన్ను పడిందో వెతికింది, నేను ఎవరి చెయ్యి పడిందో వెతికాను. మట్టిని ఇద్దరం చూడలేదు. పైగా అమ్మ దిష్టికి అయ్యేది ఒక నిమ్మకాయ ఖర్చు. నా అనుమానానికి ఒక పిల్లాడు దెబ్బలు తిన్నాడు.

ఎదురింటికి వెళ్ళి, వాళ్ళమ్మ ముందే వాడికి క్షమాపణ చెప్పాను. గుంట చూపించాను. వాడు వేలు పెట్టి లోతు చూసి, "నేను చెప్పాగా అంకుల్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

లివరు, అద్దం, ఇండికేటరు మార్పించాను. పలకరాయి అక్కడే ఉంచాను. నిమ్మకాయ మాత్రం కట్టలేదు. కానీ ఈసారి అమ్మతో వాదించే ముందు, నవ్వడం మానేశాను.