చెన్నపట్నంలో రెండు రోజులు

మదురైలో ఉండే మనవాళ్ళు చెన్నపట్నం వెళ్ళేది సాధారణంగా రెండు పనుల మీద. ఒకటి పెళ్ళి చీరలు, రెండు పెద్దాసుపత్రి. త్యాగరాయ నగరులో బట్టల మూటలు కట్టించుకొని, లేదా స్కానింగు రిపోర్టు చేత పట్టుకొని, ఆ రాత్రే తిరుగు బండి ఎక్కేస్తాము. ఊరు చూడాలని వెళ్ళిన కుటుంబాలను మన సంఘంలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పోయిన సెలవుల్లో మా వారు, అత్తగారు, తొమ్మిదో తరగతి అమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి, నేను కలిసి ఒక శని ఆదివారాలు కేవలం చూడటానికే వెళ్ళి వచ్చాము. మరో కుటుంబానికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రాత్రి మదురైలో ఎక్కితే తెల్లవారేసరికి ఎగ్మోరు. స్టేషను చుట్టుపక్కల వీధుల్లో అన్ని ధరలకూ లాడ్జీలు ఉన్నాయి. స్నానాలు, టిఫిన్లు ముగించుకొని పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్ళాము. 1851లో మొదలైన ఈ మ్యూజియంలో పిల్లలకు తిమింగలం అస్థిపంజరం, పెద్దలకు చోళుల కాలపు కంచు నటరాజు అని అందరూ చెబుతారు. అవి చూడవలసినవే, కాదనను. కాని మనవాళ్ళు ముందుగా అడిగి వెళ్ళవలసింది అమరావతి శిల్పాల గదికి.

కృష్ణ ఒడ్డున శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం రాళ్ళు అవి. 1797లో కాలిన్ మెకంజీ అనే స్కాట్లండు దొర చూచేనాటికే అక్కడి జమీందారు మనుషులు కొత్త ఊరు కట్టడానికి ఆ దిబ్బలోనుండి రాళ్ళు తీస్తూ ఉండేవారట. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి చాలా రాళ్ళను మద్రాసు చేర్చాడు. వాటిలో పెద్ద భాగం 1859లో ఓడ ఎక్కి లండను వెళ్ళిపోయింది. మిగిలినవీ, తరువాతి త్రవ్వకాల్లో దొరికినవాటిలో కొన్నీ ఇక్కడ ఉన్నాయి. గుండ్రని ఫలకం ఒకటి తప్పక చూడండి. నాలాగిరి అనే మదపుటేనుగు వీధిలో పడి మనుషులను తొక్కుతున్నది. జనం బెదిరిపోతున్నారు, మేడ కిటికీలలోనుండి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. అదే ఫలకంలో, అదే ఏనుగు మళ్ళీ బుద్ధుని ముందు మోకరిల్లింది. మా అబ్బాయి "ఏనుగులు రెండు కదమ్మా?" అని వాదించాడు. ఒకే ఏనుగు, ముందు ఒక క్షణం, తరువాత ఒక క్షణం అని చెప్పాక "అయితే ఇది సినిమా" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అమరావతి రాతి శాసనాలలో ఒకదానిలో "నాగబు" అనే మాట ఉన్నదని, మనకు దొరికిన మొదటి తెలుగు మాట అదేనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. ఆ సంగతి చెప్పి, అమ్మాయి నోటు పుస్తకంలో ఆ మూడక్షరాలు తెలుగులో వ్రాసి చూపించాను. మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాని చదవటం రాదు. బడిలో తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టం తరువాత మన రాష్ట్రంలో తమిళమే మొదటి భాషగా నేర్పుతున్నారు. ఉన్న ఊరి భాష నేర్చుకోవలసిందే, అందులో నాకు ఫిర్యాదు లేదు. రెండోది నేర్పే తీరిక మనకే ఉండటం లేదు.

మధ్యాహ్నం తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామి కోవెల చుట్టూ తిరిగి, 1948 నుంచి ఉన్న రత్నా కేఫ్‌లో సాంబారు ఇడ్లీ తిన్నాము. ఇడ్లీ కనబడకుండా మునిగేదాకా సాంబారు పోస్తూనే ఉంటారు. మా అత్తగారు "ఇది సాంబారులో ఇడ్లీ" అని పేరు మార్చేసింది.

అక్కడినుండి మెరీనా బీచి దగ్గరే. ఇంత వెడల్పు ఇసుక మొదటినుండీ లేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాన హార్బరు కట్టిన తరువాత ఇసుక మేటవేసి సముద్రాన్ని దూరం జరిపింది. గవర్నరు గ్రాంట్ డఫ్ 1880లలో రోడ్డు వెంట విహార బాట వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. రోడ్డుకు అవతల గుండ్రంగా కనిపించే పాత మేడ ఐస్ హౌసు. 1842లో అమెరికానుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు దాచటానికి కట్టినది. 1897లో వివేకానందుడు తొమ్మిది రోజులు అందులో ఉన్నాడు. బండరాయిని నలుగురు కూలీలు కదిలిస్తున్న శ్రామిక విగ్రహం దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేతిపని. పిల్లలను దాని పక్కన నిలబెట్టి ఫోటో తీశాము. సముద్ర స్నానం మాత్రం వద్దు. అలల లాగుడు ఎక్కువ, పోలీసులు కూడా దిగనివ్వరు. కాళ్ళు తడుపుకొని తేంగా మాంగా పటాణి సుండలు తినటంతో తృప్తిపడాలి.

లైట్ హౌసు చీకటి పడేదాకా తెరిచి ఉంచరు కనుక దాన్ని ముందు చూచుకోండి. 1977లో ప్రారంభమైన ఈ మూడు మూలల గోపురాన్ని భద్రత కారణంగా చాలా ఏళ్ళు మూసి ఉంచి 2013లో మళ్ళీ జనానికి తెరిచారు. లిఫ్టు ఉన్నది, మోకాళ్ళ నొప్పులవారు భయపడనక్కరలేదు. పైనుండి ఒక పక్క శాంతోం చర్చి శిఖరం, ఒక పక్క హార్బరు క్రేన్లు, కింద చేపల పడవలు. చీర కొంగు నిలవనంత గాలి.

ఆ రాత్రి లాడ్జిలో అమ్మాయి ఆనాటి విశేషాలు తన పుస్తకంలో వ్రాసుకొంది. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకొని చదివి, "ఏమ్మే, లైట్ హౌసు పైన కాలి అని వ్రాసినావు? అంత జనం ఉన్నారు కదా!" అన్నది. తమిళంలో కాలి అంటే ఖాళీ. పాపం, అమ్మాయి వ్రాసింది గాలి. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం. మాట మొదట్లో వస్తే అది కకారమే. అలాగే బండి పండి అయింది, బొమ్మ పొమ్మ అయింది. అందరం నవ్వుకొన్నాము. తరువాత అమ్మాయి "అవ్వా, నాకు ఎట్ల చదివినా అర్థమవుతుంది. నా తరువాత చదివేవాళ్ళకు?" అని అడిగింది. మా అత్తగారు జవాబు చెప్పకుండా అమృతాంజనం సీసా వెతుక్కొన్నది.

ఆ సీసా సంగతి మరునాడు మైలాపూరులో చెప్పుకొన్నాము. కపాలీశ్వరుని దర్శనమయ్యాక లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కుకు వెళ్ళాము. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారుచేసి, ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపి, 1914లో దానిని చెన్నపట్నంలో దినపత్రిక చేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుది.

అక్కడికి దగ్గరలోనే రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనం. అది బులుసు సాంబమూర్తిగారి ఇల్లు ఉన్న చోటు. 1952 అక్టోబరు 19న అక్కడ నిరాహారదీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15 రాత్రి శ్రీరాములుగారు ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, చెన్నపట్నం ఇటే ఉండిపోయింది. ఆయన పుట్టింది మాత్రం ఈ చెన్నపట్నంలోనే. కథ విన్న అబ్బాయి "ఆయన మనకోసం చచ్చిపోయినాడా, ఆంధ్రావాళ్ళకోసమా?" అని అడిగాడు. మా వారు "మనకోసం కాదురా, మన ఊరు మదురై కదా" అన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. "మాట ఒకటే కదా, మనకూ కొంచెం వస్తుంది" అన్నది. వారిద్దరిలో ఎవరిది సరియో నాకు తోచలేదు. రాష్ట్రం వచ్చినందువల్ల మనకు ఒరిగినది లేదు, పోయినదీ లేదనుకొంటూ పెరిగాను. ఆ ఇంటి ముందు నిలబడ్డప్పుడు మాత్రం అంత తేలికగా అనిపించలేదు.

మధ్యాహ్నం వడపళని. మురుగన్ కోవెల చూచుకొని దగ్గరలోని పెద్ద మాల్‌లో పిల్లలకు ఐస్‌క్రీములు. అది ఒకప్పుడు నాగిరెడ్డిగారి విజయా వాహినీ స్టూడియో ఉన్న స్థలం, 1957లో మాయాబజార్ తీసిన నేల. మా అత్తగారు చిన్నప్పుడు టూరింగు టాకీసులో దాన్ని తమిళంలోనే చూచింది. ఘటోత్కచుడు లడ్లు మింగిన చోట ఎస్కలేటరు ఎక్కటానికి భయపడి మెట్లమీదనుండి నడిచి వచ్చింది.

చివరికి పాండీ బజారు. చీరలు కొనలేదు అంటే నమ్మరు గనుక ఆ ప్రస్తావన వదిలేస్తాను. పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరున్న నగరు, పానగల్లు రాజాగారి పేరున్న పార్కు, రెండూ తెలుగు పేర్లే కదా, అమ్మాయికి ఒక పెద్ద బాలశిక్ష కొందామని మూడు పుస్తకాల దుకాణాలు ఎక్కి దిగాము. 1854లో పెట్టిన వావిళ్ళవారి ముద్రణాలయం ఈ ఊరిలోనే మన పూర్వులకు పురాణాలూ శతకాలూ అచ్చువేసి ఇచ్చింది. మాకు మాత్రం దుకాణాలలో బాలశిక్ష కాదు, ఒట్టి అక్షరమాల కూడా దొరకలేదు. ఒక కుర్రవాడు మర్యాదగా మలయాళం పుస్తకం తెచ్చి చూపించాడు.

సెయింట్ జార్జి కోట చూడటానికి సమయం చాలలేదు. 1639లో ఆ నేలను ఇంగ్లీషువారికి ఇచ్చిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు తన తండ్రి చెన్నప్ప పేరు నిలిపాడని, చెన్నపట్నం అలా వచ్చిందని చెబుతారు. అది మరోసారి. వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోండి, ఎగ్మోరు మ్యూజియంకు శుక్రవారం సెలవు, లైట్ హౌసుకు సోమవారం సెలవు.

తిరుగు బండిలో అమ్మాయి పై బెర్తు మీద "నాగబు" చూచి చూచి వ్రాస్తూ కూర్చొన్నది. చెన్నపట్నంలో గాని, మరెక్కడైనా గాని పెద్ద బాలశిక్ష దొరికే చోటు తెలిసిన సభ్యులు దయచేసి సంఘం కార్యాలయానికి తెలియజేయగలరు. మాకు రెండు ప్రతులు కావాలి. ఒకటి అమ్మాయికి, ఒకటి మా అత్తగారికి.