ఆ ట్యూబు నా మొహాన్ని ఏం చేసిందంటే



ఇది రాయడానికి చాన్నాళ్లు సిగ్గుపడ్డాను. మొన్న హాస్టల్ నుంచి మా చెల్లి ఫోన్ చేసి "అన్నా, మొటిమలకి ఒక క్రీము ఉందంట, నాలుగు రోజుల్లో పోతాయంట, డబ్బులు వెయ్యి" అంది. ట్యూబు ఫొటో పంపమన్నా. చూశాక రాయక తప్పలేదు.

ఇంటర్ చదవడానికి ఏజెన్సీ నుంచి వైజాగ్ వచ్చిన కొత్తలో నాకు బుగ్గల నిండా మొటిమలు. క్లాసులో నా రంగు మీద జోకులు ముందే ఉన్నాయి, వాటికి ఇవి తోడయ్యాయి. ఒక మందుల షాపులో అడిగితే డాక్టర్ చీటీ లేకుండానే ట్యూబు ఇచ్చారు. వారంలో మొటిమలు అణిగాయి, మొహం కూడా తెల్లబడింది. పండక్కి ఊరెళ్తే "బాగా తెల్లబడ్డావురా" అన్నారు. నాకు కావాల్సింది అదే. ఐదు నెలలు రాశాను.

తర్వాత మొదలైంది అసలు కథ. ఎండలోకెళ్తే మొహం మంట. బుగ్గల మీద ఎర్రగా సన్నటి నరాలు, కొత్తగా నూగు వెంట్రుకలు. మానేస్తే మొహం ఎర్రగా పొంగి, ముందుకంటే ఎక్కువ మొటిమలు వచ్చేవి. మళ్లీ రాస్తే తగ్గేవి. పరీక్షలప్పుడు మొహానికి రుమాలు కట్టుకుని వెళ్లాను.

చివరికి పెద్దాసుపత్రిలో చర్మం డాక్టర్‌గారు ట్యూబు తిప్పి చిన్న అక్షరాలు చూపించారు. బీటామెథసోన్. "ఇది మొటిమల మందు కాదు బాబూ, స్టెరాయిడ్. చర్మాన్ని పల్చన చేస్తుంది" అన్నారు. ఇలాంటి ట్యూబులు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం చెప్పింది. అయినా అమ్ముతున్నారు. బీటామెథసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఈ పేర్లు కనబడితే మీ అంతట మీరు మొహానికి రాయకండి. ఇప్పటికే నెలల తరబడి రాస్తుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌కి చూపించండి. నా చేత మెల్లమెల్లగా మాన్పించారు. మొహం కుదుటపడడానికి ఏడాది పట్టింది.

నాకు ఆయన చెప్పినవి మీకూ చెప్తున్నా. మొటిమలు మురికి వల్ల రావు. వయసులో హార్మోన్ల వల్ల చర్మంలో నూనె ఎక్కువవుతుంది, వెంట్రుక రంధ్రం మూసుకుంటుంది, లోపల బ్యాక్టీరియా చేరి వాస్తుంది. గిల్లితే మచ్చ మిగులుతుంది. నిమ్మరసం, టూత్‌పేస్ట్, వంటసోడా రాయొద్దు. రోజుకి రెండుసార్లు మామూలు సబ్బుతో కడిగితే చాలు. కొద్దిపాటి మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ పల్చగా, మొదట్లో రోజు విడిచి రోజు రాయాలి. అది బట్టలకి అంటితే రంగు పోతుంది, జాగ్రత్త. ఫలితం కనబడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పెద్ద గడ్డల్లా వచ్చి నొప్పి పెడితే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంకోటి, ప్రతి పొక్కూ మొటిమ కాదు. రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, రూములో నలుగురికీ ఉంటే అది గజ్జి కావచ్చు. అప్పుడు రూములో అందరూ ఒకేసారి మందు వాడాలి. పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ స్పర్శ తెలియకపోతే వెంటనే పీహెచ్‌సీకి వెళ్లండి. అది కుష్టు అయితే మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

నేను మొటిమల కోసం ట్యూబు కొన్నాను గానీ, ఐదు నెలలు రాసింది తెలుపు కోసమే. మన రంగు రోగం కాదని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. అందుకే చెప్తున్నా.

చెల్లికి డబ్బులు వెయ్యలేదు. ఆదివారం హాస్టల్‌కి వెళ్తున్నా, సోమవారం పొద్దున్నే తనని ఆసుపత్రికి తీసుకెళ్తా. మీ రూములో ఎవరి దగ్గరైనా ఇలాంటి ట్యూబు ఉంటే ఈరోజే తిప్పి చూడండి.

జై ఆదివాసీ.