తలకు తగిలిన దెబ్బ

సిరిసిల్ల మరమగ్గముపై పడుగుపోగు తెగినను మగ్గము ఆగకపోవచ్చును. లోపము అప్పుడు కనబడదు. వస్త్రము సాగినకొలదిని బయటపడును. తలకు తగిలిన దెబ్బయు అట్టిదే.

కోరుట్లలో గీతకార్మికుడు తాటిచెట్టుపైనుండి జారిపడును. జగిత్యాల రహదారిపై మోటారుసైకిలు బోల్తాపడును. గాయము మానును, ఇంటివారును దానిని మరతురు. ఏండ్లు గడచిన పిదప ఒక్కొక్క యింట ఆ మనిషి, తాతయై, మనుమని పేరే మరచును.

మెదడు మిక్కిలి మెత్తనిది. తల అదరినపుడు అది కపాలమునకు కొట్టుకొనును. సన్నని నరపు పోగులు సాగి చెడును. పలుమారు తలపై దెబ్బలు తిన్న ముష్టియోధులలో నడక తడబడుటను, బుద్ధి మందగించుటను 1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ వర్ణించెను. డిమెన్షియా యను మతిమరుపు వ్యాధికి నివారింపదగిన కారణములలో తలగాయమును 2020లో లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘము చేర్చెను. దెబ్బతిన్న ప్రతివారికిని ఆ వ్యాధి రాదు. వచ్చు అవకాశము మాత్రము పెరుగును.

2024లో తెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకు వారి దైవమైన కాటమయ్య పేర రక్షణ సామగ్రిని పంచనారంభించెను. ద్విచక్రవాహనముపై శిరస్త్రాణము ధరింపవలెనని 1988 నాటి చట్టమే శాసించినది. తండ్రి బయలుదేరు వేళ దానిని చేతికందించు బాలుడు, రేపటి తాత నోట తన బిడ్డల పేర్లను నిలుపుచున్నాడు.