రాజోలులో సెజ్వాను విందు

మాఘమాసమున అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణము చూచి తిరిగి వచ్చుచు, మా అత్తగారు, ఆడుబిడ్డ కూతురు, తోడికోడండ్రము మేమిద్దఱము సాయంకాలము రాజోలులో బస్సు దిగితిమి. కొబ్బరికోరు, పనసపొట్టు, ఆవపెట్టిన కూరలకు పేరుపడిన సీమ యిది. అట్టిచోట బజారులో ఒక హోటలుమీద ‘సెజ్వాన్’ అని యెఱ్ఱని యక్షరములు కనబడగా పిల్ల లోనికి పోదమని పట్టుపట్టెను.

అత్తగారు గుమ్మముకడనే నిలిచిపోయిరి. డెబ్బదియేండ్లు వచ్చినను వారు హోటలు గడప త్రొక్కి యెఱుగరు. “ఇంటికి పోయి అత్తెసరు పడేసుకుందాం, పదండి” అనిరి. “ఇవాళ నువ్వు పొయ్యి దగ్గరకు వెళ్ళడానికి వీల్లేదు అమ్మమ్మా” అని పిల్ల చేయిపట్టి కూర్చుండబెట్టెను.

లోపల ఒకటే సందడి. వీధివైపుననే పెద్ద మంట, దానిపై ఇనుపమూకుడు. వంటవాడు గరిటె టకటక లాడించుచు మిరపముద్ద వేయగనే ఘాటు లేచి అందఱము తుమ్మితిమి. ప్రక్కబల్లవారును తుమ్మి నవ్విరి.

మొదటి పళ్ళెము అత్తగారి ముందు పెట్టిరి. వారు అలవాటుచొప్పున దానిని మావైపు జరిపిరి. మేము మరల వారివైపు జరిపితిమి. తుదకు ఒక ముద్ద తిని, కన్నీరు తుడుచుకొనుచు, “చైనా వంటన్నారు, ఇది మన మిరపకాయే గదే!” అనిరి.

ఆ మాట నిజమే. మన బజారులలో ఈ పేర దొరకు ఎఱ్ఱముద్ద ఎండుమిరప, వెల్లుల్లి కలిపి మనదేశమున కల్పించుకొన్నది. చైనాకు నైరృతిదిక్కున నున్న సిచువాను సీమలో కారముతోపాటు ‘హ్వాజ్యావ్’ అను చిన్నకాయల యెండిన పైతొక్కను వాడుదురు. నిమ్మ, కరివేపాకుల కుటుంబమునకు చెందిన ఆ చెట్టుకాయ నాలుకకు తిమ్మిరి యెక్కించును. ఆ రుచిని ‘మా-లా’, అనగా తిమ్మిరి-కారము, అందురు. మిరపకాయ మాత్రము వారికిని మనకును పరాయిదే. అమెరికా ఖండమున పుట్టి 16వ శతాబ్దమున ఓడలమీద వచ్చినది. అంతకు ముందు మన వంటలకు మిరియములే ఘాటు నిచ్చెడివి.

ఆ సీమలో తుకతుక నుడుకు కారపుకాగు చుట్టు ఇంటిల్లిపాది కూర్చుండి, ఎవరికి కావలసినది వారు ముంచుకొని తినెడి విందొకటి కలదు. వడ్డించుటకు ఒకరు వేఱుగా నిలువ నక్కఱలేదు. ఈ సంగతి మాకు మిక్కిలి నచ్చినది.

లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు (1841–1909) అంతర్వేదికి బయలుదేరి, దారిలో ఆకలిగొన్న పెండ్లివారి మాటలు విని, వారికి వండిపెట్టుటకై స్వామిని చూడకయే వెనుదిరిగిరని కోనసీమలో చెప్పుకొందురు. అన్నము పెట్టుటలో మన యాడువారు ఎన్నడును వెనుదీయలేదు. పెట్టెడి చేతికి వేడివేడిగా పెట్టువారెవరని మాత్రము ఇండ్లలో తలచువారరుదు. నలువది యేండ్లుగా అందఱి తరువాత చల్లారిన కూడు తిన్న అత్తగారు నాడు అందఱికంటె ముందు తినిరి.

బస్సెక్కినపిమ్మట వారు మెల్లగా నిట్లనిరి: “వచ్చే ఏడు తీర్థానికి వచ్చినప్పుడు కాస్త కారం తగ్గించమని ముందే చెప్పండి.”